తొమ్మిది గుళ్లు, ఒక హోం పేజీ

ఫలానా మ్యూజియానికి కొత్త వెబ్‌సైటు చేయించాలని తీర్మానమైంది. ఏ మ్యూజియమని అడగొద్దు. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎవరి ఊరి పేరు పెట్టి చదువుకున్నా సరిపోయే కథ. సమావేశానికి చాయ్ వచ్చింది, ఉస్మానియా బిస్కెట్లు వచ్చాయి, ప్రొజెక్టర్ రాలేదు. అయినా హోం పేజీ మీద చిటికెలో ఏకాభిప్రాయం కుదిరింది. పైన పెద్దసారు ఫొటో, పక్కన అంతకన్నా పెద్దసారు ఫొటో, కింద పరుగెత్తే ఎర్రక్షరాలు.

"విగ్రహాలు యాడ పెట్టాలె సార్?" డిజైనర్ పిల్లగాడు అడిగాడు.

"గ్యాలరీల పెట్టు తమ్మీ. పదమూడు వందల ఏండ్ల సంది ఆగినయి, ఇంకో రెండు క్లిక్కులు ఆగలేవా?"

పిల్లగాడు ఊరుకోకుండా 'డిజైన్ సిస్టం' అన్నాడు. పేజీకో బొమ్మ గీయడం కాదట. శీర్షిక, ఫొటో, దాని కింది వివరం, టికెట్టు వేళలు, ఇలా ముక్కలు ముందే తయారు చేసి, వాటి కొలతలు, రంగులు ఒకచోట రాసిపెట్టుకోవాలట. రేపు కొత్త శాసనం దొరికినా, ప్రదర్శన పెట్టినా ఆ ముక్కల్నే పేర్చుకుంటే చాలట. న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం 2013లో పెట్టుకున్న 'డబ్ల్యూ' గుర్తును ఉదాహరణగా చెప్పాడు. చోటు ఎంత దొరికితే ఆ సన్నగీత అంత సాగుతుంది, అంత ముడుచుకుంటుంది. కమిటీ శ్రద్ధగా విని, అది ఫారిన్ పద్ధతి, మనకు పడదని తేల్చింది. మన దగ్గర చోటును బట్టి సాగేది ఫొటో కింది హోదాల వరుస ఒక్కటే మరి.

ఫారిన్ దాకా దేనికి, అలంపూర్ పోతే చాలు. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో తుంగభద్ర ఒడ్డున కట్టిన నవబ్రహ్మ ఆలయాలు తొమ్మిది. పేరు బ్రహ్మది, లోపల ఉన్నది శివుడు. గర్భగుడి, ముందు మండపం, తూర్పు ముఖం అనే కట్టడి దాదాపు అన్నిటికీ ఒకటే. ఆ కట్టడిలోనే స్తంభాలు, గూళ్లు, శిల్పాలు గుడిగుడికీ మారతాయి. శిఖరాలు ఉత్తరాది నాగర పద్ధతివైతే, తొమ్మిదిలో తారక బ్రహ్మ ఒక్కడూ దక్షిణాది శిఖరం పెట్టుకున్నాడు. అయినా ఎవరూ మెమో ఇచ్చినట్టు లేదు.

కమిటీ మాత్రం మెనూను జిల్లాల వారీగా పెట్టమంది. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయినప్పుడు అలంపూర్ మహబూబ్‌నగర్ నుంచి జోగులాంబ గద్వాలకు, ఫణిగిరి బౌద్ధక్షేత్రం నల్లగొండ నుంచి సూర్యాపేటకు మారాయి. 2019లో నారాయణపేట కూడా జిల్లా అయింది. రాళ్లు ఉన్నచోటే ఉన్నాయి, చిరునామాలు నడిచాయి. మళ్లీ నడిస్తే? "అప్పటికి మనం ఈ సీట్ల ఉంటమా?" అని ఒక సభ్యుడు ధైర్యం చెప్పాడు.

తరువాత అక్షరాల పంచాయితీ. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి, తెలంగాణలో కవులే లేరన్నవారికి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చేసి చూపించారు. ఆయన పేరిట 'సురవరం' అనే యూనికోడ్ ఫాంటు ఉంది, ఉచితంగా దొరుకుతుంది. కానీ ఆఫీసు నుంచి వచ్చిన సమాచారం పాత డీటీపీ ఫాంటులో కొట్టి, ప్రింటు తీసి, స్కాన్ చేసిన పీడీఎఫ్. వెతికితే ఒక్క ముక్క దొరకదు. పోనీ మళ్లీ టైపు చేద్దామంటే, పేజీలో గడులు ఇంగ్లిష్ అక్షరాల ఎత్తుకు కోసినవి. కింది వత్తులన్నీ తెగిపోయి, స్వర్గ బ్రహ్మ తెర మీద 'సర బహ'గా వెలిశాడు. వత్తులు తెగినా అర్థమవుతుందని కమిటీ అభిప్రాయపడింది. పెద్దసారు పేరులో వత్తు ఉందని గుర్తొచ్చాక ఆ అభిప్రాయం వెనక్కి తీసుకుంది.

ఇంతలో కబురొచ్చింది. పెద్దసారుకు బదిలీ. మాదిరి పేజీలన్నిటిలో ఆయన ఫొటో విడివిడిగా అతికించి ఉంది.

"మార్చనీకె ఎన్ని దినాలు పడ్తది?"

పిల్లగాడు మళ్లీ అలంపూర్‌కే పోయాడు. శ్రీశైలం జలాశయంలో మునిగిపోయే చోటు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి తెచ్చి, అలంపూర్‌లో తిరిగి నిలబెట్టారు కదా. ఏ రాయి ఎక్కడిదో లెక్క ఉండబట్టే గుడి మళ్లీ గుడైంది. పేజీలకూ అలాంటి లెక్క రాసుకుంటే...

"కథలొద్దు. ఒక్క తాన మారిస్తే ఫొటో అన్ని పేజీలల్ల మారుతదా, మారదా?"

"మారుతది సార్."

డిజైన్ సిస్టం ఏకగ్రీవంగా పాసైంది. తీర్మానం ప్రతిలో మొదటి ముక్క పేరు 'పెద్దసారు ఫొటో'. విగ్రహాల ముక్కను రెండో దశకు పెట్టారు. రెండో విడత చాయ్ వచ్చింది.