మిడ్‌వెస్ట్ మామ్మ

అమెరికా జనగణన శాఖ లెక్కలో మిడ్‌వెస్ట్ అంటే ఒహాయో నుంచి కాన్సస్, నెబ్రాస్కా, డకోటాల దాకా 12 రాష్ట్రాలు. మొక్కజొన్నకూ మంచుకూ అక్కడ కొదవ లేదు. ఆ రెండింటి మధ్య తొంభై ఏళ్లు దాటినా నిక్షేపంగా తిరిగే మనిషి మిడ్‌వెస్ట్ మామ్మ. ఒంట్లో ఎలా ఉందని అడిగితే "ఏదో, ఫరవాలేదు" అంటుంది. తుంటి ఎముక విరిగిన రోజునా అదే జవాబు.

ఈవిడ 1920లలో, జర్మనీ నుంచో నార్వే నుంచో వలస వచ్చినవాళ్ల పొలంలో పుట్టి ఉంటుంది. బడి నేర్పినదానికన్నా 1930ల ఆర్థిక మాంద్యం నేర్పిందే ఎక్కువ. పిండి బస్తాల గుడ్డతో ఆడవాళ్లు గౌన్లు కుట్టుకుంటున్నారని తెలిసి, మిల్లులవాళ్లు బస్తాల మీద పూలు అచ్చువేసిన కాలమది. గ్రామీణ విద్యుదీకరణ చట్టం 1936లో వచ్చింది. చాలా పొలాలకు కరెంటు చేరడానికి మరికొన్నేళ్లు పట్టింది. అంత ఆలస్యంగా వచ్చిన దీపాన్ని ఊరికే వెలగనివ్వడం ఆవిడ వల్ల కాదు. గదిలోంచి ఎవరు లేచినా వెనకే వెళ్లి స్విచ్చి కట్టేస్తుంది, లోపల ఇంకొకరు కూర్చుని ఉన్నా సరే. యుద్ధం వల్ల 1942లో పెట్టిన చక్కెర రేషన్‌ను 1947లో ఎత్తేశారు. ఆ కబురు మామ్మ చేతిసంచికి ఇంకా అందలేదు. హోటలు బల్ల మీది చక్కెర పొట్లాలు అందులోకి చేరుతూనే ఉంటాయి.

అసలు మామ్మను చూడాలంటే వంటింట్లోనే చూడాలి. మినెసోటా, డకోటాలలో హాట్‌డిష్, మిగతా చోట్ల కాసరోల్ అనే వంటకం ఆవిడ సర్వరోగ నివారిణి. కైమా, డబ్బా కూరగాయలు, పైన వేయించిన బంగాళాదుంప ముక్కలు. వీటన్నిటినీ పట్టి ఉంచేది క్యాంప్‌బెల్ కంపెనీ 1934లో తెచ్చిన పుట్టగొడుగుల సూప్. చర్చి విందుల్లో దాని వాడకం చూసి, లూథరన్ల జిగురు అని ఆటపట్టించేవాళ్లూ ఉన్నారు. బిడ్డ పుట్టినా, పక్కింటాయన కాలు విరిగినా, ఎవరు పోయినా వెళ్లేది ఆ గిన్నే. మిరియాలు రెండు చిటికెలు పడితే "కాస్త ఘాటుగా ఉందేమో" అని ముందే హెచ్చరిస్తుంది. పచ్చటి జెల్లీలో క్యారెట్ తురుము వేసినది ఆవిడ దృష్టిలో సలాడ్. ఇక ఫ్రిజ్‌లో కూల్ విప్ క్రీము డబ్బాలు డజను ఉంటాయి. క్రీము దేంట్లో ఉందో కనిపెట్టిన మనవడు మాత్రం ఇంతవరకు లేడు.

ప్రేమ అన్న మాట ఈవిడ నోట రాదు. ఫోనులో మాట్లాడేది వాతావరణం గురించే. పుట్టినరోజుకు కార్డు, అందులో మడత నలగని ఐదు డాలర్ల నోటు పంపుతుంది. చుట్టాలు బయల్దేరేటప్పుడు మోకాళ్ల మీద చరుచుకుని "సరే మరి" అంటూ లేస్తుంది. అది వీడ్కోలు అనుకుంటే పొరపాటు, వీడ్కోలుకు నాంది మాత్రమే. తలుపు దగ్గర ఒక విడత, మెట్ల మీద ఒక విడత, కారు అద్దం దించాక మరో విడత. చివరికి "జింకలు అడ్డొస్తాయి, చూసి నడుపు" అంటుంది. అంతకు మించి గాఢమైన మాట ఆ ప్రాంతంలో ఆశించకూడదు.

మామ్మ పోయినప్పుడు ఊరి పత్రికలో సంస్మరణ పడుతుంది. చర్చి ఆడవాళ్లు అచ్చువేసిన పాత వంటల పుస్తకాల్లో ఆవిడ భర్త పేరుతో 'మిసెస్ ఫలానా'గానే ఉండేది. ఇక్కడ సొంత పేరు, పుట్టింటి పేరు కూడా పడతాయి. తర్వాత పిల్లల, మనవల, మునిమనవల జాబితా. ఆవిడ చేసే 'పై' అనే తీపి వంటకం గురించి ఒక వాక్యం తప్పదు. అంత్యక్రియలయ్యాక చర్చి నేలమాళిగలో భోజనం: బన్నులో హ్యామ్, చీజు వేసిన బంగాళాదుంపలు, పల్చటి కాఫీ. వడ్డించేది ఆవిడతో కలిసి ఏళ్ల తరబడి ఇలాంటి భోజనాలే వడ్డించిన స్నేహితురాళ్లు. అందరి గిన్నెల అడుగునా పేరు రాసిన టేపు ముక్క ఉంటుంది కాబట్టి ఎవరి గిన్నె వారికి చేరుతుంది.

ఇంటి సామాను పంపకానికీ ఆ పద్ధతే. ఏ కుర్చీ, ఏ గడియారం, ఏ గాజు గిన్నె ఎవరికో మామ్మ బతికుండగానే అడుగున టేపు అంటించి రాసిపెడుతుంది. అందుకే వారసులు ఆ మధ్యాహ్నం చాలాసేపు మోకాళ్ల మీద, తలలు బల్లల కింద పెట్టి కనిపిస్తారు.