30 మైక్రోగ్రాముల మనవి

మహారాజశ్రీ తాగునీళ్లు పరీక్షించే దొరవారి దివ్యసముఖమునకు,

సఖినేటిపల్లి కుళాయిదారులు వినయంగా రాసుకునేది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరూ క్షేమమనే తలుస్తాం. తమరు తాగేది ఎటూ సీసా నీళ్లే కదండీ.

మా నీళ్ల సంగతి తమకి తెలియంది కాదు. బోరు వేస్తే ఉప్పు. ధవళేశ్వరం దగ్గర కాలవెక్కిన గోదావరి, దారిలో ఊళ్లన్నిటి మురికీ మోసుకుని మా దాకా వస్తుంది. వేసవిలో కాలవలు కట్టేశాక మంచినీళ్ల చెరువే దిక్కు. అదీ నమ్మనివాళ్లు టిన్ను కొనుక్కుంటారు. ఆ నీళ్లెవరు పరీక్షించారని అడిగితే "మినరల్ వాటరండీ" అంటారు. ఆ మాటే సర్టిఫికెట్టు.

రుచి, రంగు, వాసన చూసుకుని ఇన్నాళ్లూ బతికేశాం. నీళ్లలో కరిగిన యురేనియం ఆ మూడింటికీ దొరకదు. జల్ జీవన్ మిషన్ పరీక్ష పెట్టెలో క్లోరిన్‌కి మందుంది, ఫ్లోరైడ్‌కుంది, నైట్రేట్‌కుంది, యురేనియానికి లేదు. హద్దు మాత్రం పుస్తకంలో ఉంది. భారతీయ ప్రమాణాల సంస్థ లీటరుకి 30 మైక్రోగ్రాములంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో చెప్పిందీ అంతే. మన అణుశక్తి నియంత్రణ మండలి 60 దాకా పరవాలేదంది. అంటే లీటరుకి 45 ఉన్న నీళ్లు ఒక ఆఫీసులో చెడ్డవి, ఇంకో ఆఫీసులో మంచివి. ఏ ఆఫీసు మెట్లెక్కి తాగమంటారు?

కాచి తాగమంటారేమో. కాస్తే ఆవిరయ్యేది నీళ్లే. యురేనియం గిన్నెలోనే ఉండి, పులుసులా మరిగినకొద్దీ చిక్కబడుతుంది. దాని దెబ్బ ముందు మూత్రపిండాల మీద పడుతుంది.

"మీకెందుకయ్యా ఈ గొడవ, యురేనియం గని ఉన్నది కడప జిల్లాలో" అంటారా? నిజమే. వేముల మండలం తుమ్మలపల్లెలో గని, ఆ పక్కన కొట్టాల ఊరి దగ్గర వ్యర్థాల చెరువు. బోర్లు చెడిపోయాయని, అరటితోటలు ఎండిపోయాయని, ఒంటిమీద దద్దుర్లు వస్తున్నాయని రైతులు మొత్తుకున్నారు. 2018లో కాలుష్య నియంత్రణ మండలి ఆ గని నడిపే యురేనియం కార్పొరేషన్‌కి నోటీసిచ్చింది. ఇది మా వల్ల జరగలేదని సంస్థ అంది. తవ్వకముందు ఏ బోరులో ఎంతుందో ఊరి గోడమీద రాసి ఉంటే, ఈ తగువు ఒక్క పూటలో తేలిపోయేది.

మాకు గని లేదు. ఒండ్రు మట్టి, కాలవ నీళ్లు. యురేనియం నుంచి పుట్టే రేడాన్ వాయువు పారే నీళ్లలోంచి గాల్లోకి పోతుంది, కాబట్టి మా భయం చిన్నదే. అయితే ఆంధ్ర తీరపు ఇసుకలో మోనజైట్ ఉంది, అందులో రేడియోధార్మిక థోరియం ఉంది. చమురు, గ్యాసు బావుల్లోంచి పైకొచ్చే ఉప్పునీళ్లు రేడియం మోసుకొచ్చి గొట్టాల లోపల పొర కట్టగలవని ఆ పరిశ్రమకే తెలుసు. మా రాజోలు చుట్టుపక్కల అలాంటి బావులకి కొదవా? 1995లో పాశర్లపూడి గ్యాసు బావి మంట చూసినవాళ్లం. కంటికి కనిపించేదానికి అందరూ పరిగెత్తుకొచ్చారండి. కనిపించనిదానికి ఎవరొస్తారు?

ఇంకో మాట. పొగాకు తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి పెద్ద కారణాల్లో ఇళ్లలో చేరే రేడాన్ ఒకటి. నేల పగుళ్లలోంచి వచ్చి మూసిన గదిలో పేరుకుంటుంది. ఘనపు మీటరు గాలికి 100 బెకరెల్స్ మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పింది. మండువా లోగిలిలో గాలి ఆడేది. ఇప్పుడు మేమూ కిటికీలు బిగించి ఏసీలు పెట్టాం, ఆయ్. తమరి ఆఫీసు గది కిటికీ కూడా ఓసారి తీయించండి.

మేం కోరేది పెద్దదేం కాదు. మంచినీళ్ల చెరువు, ఊళ్లో బోర్లు, అమ్మే టిన్నులు... వీటన్నిటిలో యురేనియం, ఆల్ఫా, బీటా కిరణాల లెక్క ఏడాదికోసారి కట్టించి, తేదీ వేసి, వాటర్ ట్యాంకు గోడమీద తెలుగులో రాయించండి. సున్నా వచ్చినా సరే, ఆ సున్నా కూడా రాయించండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
సఖినేటిపల్లి కుళాయిదారులు