సముద్రానికీ మస్టరే

ఎండాకాలం సెలవులొస్తే మా బొగ్గుగనుల ఊరు గోదావరిఖనిలో ఫ్లెక్సీలు మొలుస్తాయి: ‘మూడు రోజుల్లో వైజాగ్, అరకు. అన్నీ చూపిస్తాం!’ సెలవు టూరుకు కంపెనీ ఇచ్చే ఎల్టీసీ డబ్బులు చేతిలో పడ్డ ఇంటికి ఆ ‘అన్నీ’ అన్న మాట ఒక్కటి చాలు.

గని మీద మస్టర్, అంటే హాజరు, పడితేనే ఆ రోజు జీతం. టూరు వాళ్లు ఆ పద్ధతిని సముద్రం దాకా మోసుకుపోయారు. ఆర్కే బీచ్‌లో దిగు, ఫొటో దిగు, ఎక్కు: మస్టర్ పడ్డట్టే. కైలాసగిరి మీద శివపార్వతుల ముందు ఇంకోటి. రుషికొండ తీరానికి 2020లో, శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ ఎందుకొచ్చిందో ఎవరైనా అడిగేలోపే డ్రైవర్ హారన్ కొడతాడు. భీమిలి దాకా పక్కనే సముద్రం నడుస్తుంటుంది గానీ, రాత్రంతా రైల్లో కూర్చున్న జనం అప్పటికి గురక పెడుతుంటారు. భీమిలిలో డచ్చివాళ్ల పాత సమాధులున్నాయంటే, ‘శ్మశానం ఎందుకు సార్, షాపింగ్ టైమైంది’ అంటాడు గైడు.

కురుసుర జలాంతర్గామి సంగతి వేరు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, మరుసటేడు నుంచి బీచ్ ఒడ్డున మ్యూజియంగా ఉంది. లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలంటే గుండ్రటి ఇనుప ద్వారంలోంచి దూరాలి. పట్నం సార్లు ఠంగున నుదురు కొట్టుకుంటారు. మా పక్క క్వార్టర్ కాకా, రిటైరైన కోల్ కట్టర్, తల వంచి భుజం మలిచి అవతలికి చేరి, ‘దీనికన్న మా బాయిల గాలే నయం’ అన్నాడు. మర్నాడు అదే మనిషి, నౌకరీ అంతా భూమిలోకి దిగి జీతం తీసుకున్నవాడు, బొర్రా గుహల్లోకి దిగడానికి టికెట్ కొన్నాడు.

ఇక ‘స్వచ్ఛమైన సముద్రపు గాలి’. విశాఖ పోర్టులో దిగే బొగ్గు దుమ్ము ఇండ్ల మీద పడుతోందని ఆ చుట్టుపక్కల జనం ఏండ్ల తరబడి మొత్తుకుంటున్నారు. బొగ్గు దుమ్ము నుంచి పారిపోయి వచ్చిన మనకు ఆ పాయింటు మాత్రం చూపించరు.

నవ్వుకోవడానికి హైదరాబాద్ వాళ్లకూ వీల్లేదు. 2022 చివర్లో ఆర్టీసీ మా గనులు చూపిస్తామంటూ ‘సింగరేణి దర్శన్’ అని బస్సు పెట్టింది. టోపీ పెట్టుకొని ఓపెన్‌కాస్ట్ గని అంచున సెల్ఫీ. బ్లాస్టింగ్‌కు గోడలు బీటలిచ్చిన ఇండ్లు, మట్టికుప్పల కింద పోయిన చెలకలు వాళ్ల లిస్టులో లేవు.

మొన్న కాకా మళ్లీ ఆ టూరు ఆఫీసుకే పోయాడు. ‘భీమిలి ఒక్కటే చాలు బిడ్డా. పొద్దంతా ఒడ్డుకు కూసుంట. ఎంత తీసుకుంటవ్?’

పిలగాడు లిస్టు తిరగేసి మరగేసి చూశాడు. ‘కూసునుడు మా ప్యాకేజీల లేదు కాకా.’