మైకుసెట్టు సూత్రం: సటీకా తాత్పర్యం

మూలం

“ఒరేయ్, న్యూట్రల్ సూడకుండా మెయిను ఎయ్యకు. ఫీజులో రాగితీగ సుట్టకు. సౌండు పెంచమంటే ఇనపడనట్టుండు.”

అవతారిక

మైకుసెట్టు గురువు శిష్యునికి చేసిన ఉపదేశమిది. సందర్భం కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం. ఏకాదశ రుద్రులు ప్రభలపై మొసలపల్లి శివారు కొబ్బరితోటకు వేంచేస్తున్నారు. గంగలకుర్రు ప్రభ కౌశిక కాలువ దాటుతోంది. సీరియల్ లైట్లు, చెరకురసం మిషన్లు, రంగులరాట్నం, మన యాంప్లిఫయరు అన్నీ ఒకే స్తంభాన్ని నమ్ముకున్నాయి. గురువు గొంతు పెంచడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

టీక

న్యూట్రల్ = మూడు ఫేజుల కరెంటు తిరిగిపోయే ఉమ్మడి దారి; సూడకుండా = మీటరు పెట్టి కొలవకుండా; ఫీజు = తాను కరిగి సెట్టును నిలబెట్టేది; రాగితీగ = కరగనని భీష్మించినది; పెంచమంటే = కమిటీ పెద్దలు అన్నచో; ఇనపడనట్టుండు = స్పష్టము.

తాత్పర్యం

ఒక్కో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు, ఫేజుకూ ఫేజుకూ మధ్య 400. న్యూట్రల్ తెగిందా, వేర్వేరు ఫేజుల మీది సరుకంతా 400 వోల్టుల మధ్య వరుసగా చిక్కుకుంటుంది. ఎక్కువ లోడున్న ఫేజు మీద వోల్టేజీ దిగజారుతుంది, తక్కువ లోడున్నదాని మీద ఎగబాకుతుంది. రాట్నం ముక్కుతూ మూలుగుతూ ఆగుతుంది. తక్కువ కరెంటు తాగే మన బీద యాంప్లిఫయరు నెత్తిన 400కి దగ్గరగా వచ్చి పడుతుంది. లోపల 50 వోల్టులుండాల్సిన డీసీ 80 దాటుతుంది. 63 వోల్టుల కెపాసిటర్ పొట్ట ఉబ్బి ఢామ్మంటుంది. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్టయితే ఆ డీసీ తిన్నగా స్పీకర్లోకి దిగుతుంది. 8 ఓముల కాయిలుకు 50 వోల్టుల డీసీ తగిలితే 300 వాట్లకు పైగా వేడి. పైగా కోను కదలదు గనక గాలి ఆడదు. పాట ఆగి పొగ మొదలవుతుంది. 100 వోల్టుల లైను మీది పాత హారన్లకు ఈ గండం లేదు, నడుమ ట్రాన్స్‌ఫార్మరుంది, డీసీ దాన్ని దాటలేదు. అందుకే కాబోలు గుడిమైకుకు అంత ఆయుష్షు.

పూర్వపక్షం

“ఫీజుందిగదండీ, అదే కాపాడుతుంది” అందురేని, కాదు. ఫీజు చూసేది ఆంపియర్లను, వోల్టులను కాదు. అది మేలుకునేసరికి ట్రాన్సిస్టర్ కాలం చేసి ఉంటుంది. “ఐతే అది దండగ, తీగ చుట్టేస్తాం” అందురేని, అది మరీ తప్పు. ఉప్పెనలా వచ్చే వోల్టేజీ తలను వేరిస్టర్ నరుకుతుంది. ఆ పనిలో అది షార్టయి పోయినప్పుడు లైను తెంచాల్సింది ఫీజే. తీగ చుట్టినచోట వేరిస్టర్‌తోపాటు పెట్టె కూడా కాలుతుంది. నిలకడగా పెరిగిన వోల్టేజీకి వేరిస్టరూ చాలదు, హద్దు దాటగానే లైను విడదీసే కటాఫ్ రిలే కావాలి. మామూలు స్టెబిలైజరు 400ను 230 చేయలేదు. స్పీకరు వైపు ఇంకో రిలే: డీసీ కనబడగానే కాయిలును వేరుచేస్తుంది.

విశేషం

మూడోవాక్యం మర్యాద గురించని కొందరు పొరబడ్డారు. సప్లై ఇచ్చిన వోల్టేజీని మించి యాంప్లిఫయరు ఏ కమిటీ కోసమూ ఇవ్వలేదు. వాల్యూం ఇంకా తిప్పితే సిగ్నలు అలల తలలు చదునై, నిండా చదునైనచోట అదే ఎత్తున్న మామూలు అలకు రెట్టింపు శక్తి స్పీకరుకు చేరుతుంది. మొదట ట్వీటర్ పోతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు రాత్రి 10 దాటాక ఊరి మైకును ప్రత్యేక అనుమతి లేనిదే ఒప్పవు, కనుక గురువు మాట చట్టసమ్మతం కూడా.

పాఠాంతరం

రాజోలు ప్రతిలో “టెస్టరెట్టి సూడు” అని ఉన్నది. అగ్రాహ్యం. టెస్టరు ఫేజుందని చెబుతుంది, ఎన్ని వోల్టులో చెప్పదు. కొత్తపేట ప్రతిలోని “మీటరెట్టి, లైట్లేశాక మళ్లీ సూడు” అన్నదే గ్రాహ్యం. లోడు లేనప్పుడు వదులు న్యూట్రల్ కూడా 230 చూపించి నమ్మిస్తుంది.