ముందు చక్రాల మీద మోపిన నేరం

బండ్ల సంగతి నాకు బాగా తెలుసని మా అలంపూర్‌లో కొందరు నమ్ముతారు. ఆ నమ్మకం కలిగించింది నేనే. ఎవరి బండి పొగ వదిలినా, ఎవరి బండి పొద్దున్నే మొండికేసినా బానెట్టు ఎత్తకముందే రోగం పేరు చెప్పేసేవాణ్ని. అప్పుడప్పుడు నిజమయ్యేది. జనానికి నిజమైనవే గుర్తుండేవి. నాకైతే తప్పినవి అసలు జరిగినట్టే ఉండేది కాదు.

నాది పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు. ముందు డిస్కు బ్రేకులు, వెనక డ్రమ్ములు. కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న మా నడిగడ్డలో నల్లరేగడి చేలు చాలా ఉన్నాయి. గట్టి వాన పడిందంటే మిరప చేనికి పోయే బాటలో మామూలు కారు ఇరుసు దాకా దిగబడుతుంది. లివరు మార్చి, నాలుగు చక్రాలతో బురద చిమ్ముకుంటూ బయటికొచ్చి, దిగబడినవాళ్ల వైపు ఒకసారి చూడటం నాకు సరదా. తాడేసి లాగేది ఆ చూపు అయ్యాకే.

ఎండలు ముదిరేసరికి బండి బరువెక్కింది. మాకు కర్నూలు పాతిక కిలోమీటర్లకు పైమాటే. చౌరస్తాలో 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కేదాకా ఏ తేడా తెలిసేది కాదు. ఆ తర్వాత ఎవరో వెనక నుంచి చొక్కా పట్టి లాగుతున్నట్టు ఉండేది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే దొర్లుకుంటూ పోవలసిన బండి ఉన్నచోటే చతికిలబడేది. ఒకరోజు పుల్లూరు టోల్‌గేటు దగ్గర వరసలో నిలబడితే ముందు చక్రాల నుంచి కమురు వాసన. పక్క లారీ క్లీనరు కిందికి వంగి చూసి, "అన్నా, నీ ముందు బ్రేకులు పట్టుకుంటున్నయ్" అన్నాడు. "తెలుసులే" అన్నాను. తెలీదు.

మొదట లివరును అనుమానించాను. ఫోర్ వీల్‌లో వేసి మరిచిపోయి తారు రోడ్డు మీద తిప్పితే బండి నిజంగానే బిగుసుకుంటుంది. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. రెండు ఇరుసులనూ కలిపి కట్టేస్తే ఆ తేడా పోయే దారి లేక షాఫ్టుల్లో మెలి పడుతుంది. సబబైన అనుమానమే. కానీ లివరు టూ వీల్‌లోనే ఉంది. నా సబబు అక్కడితో సరి.

తర్వాత హబ్ బేరింగులు మార్పించాను. ఆ తర్వాత క్యాలిపర్లు విప్పించి, పిస్టన్లు తీయించి, కొత్త వాషర్ కిట్లు వేయించాను. ప్యాడ్లు మార్చాను. అప్పుడు ఎవరో హోస్ పైపుల సంగతి చెప్పారు. రబ్బరు పైపు పాతబడితే లోపల ఉబ్బి దారి మూసుకుంటుంది. కాలి బలానికి ఆయిలు చక్రం దాకా పోతుంది గానీ, కాలు తీశాక వెనక్కి రాలేదు. ఈ మాట ఎంత నచ్చిందంటే, నా బండి రోగం అదేనా అని చూడకుండానే రెండు పైపులూ కొనేశాను.

విడ్డూరమేమంటే, చేయించిన ప్రతిసారీ బండి బాగైంది. నన్ను ముంచింది అదే. క్యాలిపర్ తీసినా హోస్ మార్చినా ఆయిలు దారి విప్పక తప్పదు. విప్పగానే లోపల చిక్కుకున్న ఒత్తిడి పోతుంది. మళ్లీ బిగించి, ఎయిర్ తీసి, జోగులాంబ గుడి దాకా ఒక చుట్టు కొట్టొస్తే చక్రాలు చల్లగా ఉండేవి. మెకానిక్‌కు డబ్బిచ్చి, నలుగురికీ గొప్ప చెప్పుకుని, మర్నాడు కర్నూలు దారి పట్టగానే మళ్లీ అదే వాసన. నాకు మెకానిక్ మీద కోపం వచ్చేది. ఇంకొకరి దగ్గరికి పోయి, ముందు చేసినవాడి పనితనాన్ని ఎగతాళి చేసేవాణ్ని. ఆ కొత్తాయనా చక్రాల దగ్గరే కూర్చునేవాడు. కూర్చోబెట్టింది నేనే. రోగం పేరు నేను చెప్తుంటే వాళ్లు పని చేసేవాళ్లు.

ఆ రోజుల్లోనే బావమరిది కుటుంబంతో దర్శనానికి వచ్చాడు. నవబ్రహ్మ ఆలయాలు నేనే దగ్గరుండి చూపించాను. "పేరుకే బ్రహ్మలు బావా, బాదామి చాళుక్యుల కాలంలో కట్టిన ఈ తొమ్మిదీ శివాలయాలే. పేరు చూసి మోసపోవద్దు" అని పెద్దరికంగా చెప్పాను. చెప్తున్నంతసేపూ జీపు చెట్టు నీడలో ముందు చక్రాలు చల్లార్చుకుంటోంది.

వాళ్లు శ్రీశైలం కూడా చూస్తామన్నారు. ఆత్మకూరు, దోర్నాల మీదుగా ఘాట్ రోడ్డు. పదమన్నాను! ఇది తలచుకుంటే ఇప్పటికీ చెమట పడుతుంది. డాట్ 3 బ్రేకు ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు మరగాలంటే 205 డిగ్రీలైనా కావాలి. గాలిలో తేమ పీల్చుకున్నాక ప్రమాణాలు ఒప్పుకునే హద్దు 140. క్యాలిపర్‌లో ఆయిలు మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నొక్కితే నలుగుతుంది, పెడల్ నేలకు దిగిపోతుంది, బండి ఆగదు. ఇదంతా తెలిసే పదమన్నాను. బావమరిదికి ఇవేవీ తెలియవు, ముక్కు మాత్రం ఉంది. "ఈ వాసనతో ఘాటెక్కుతావా బావా?" అని పిల్లలను తీసుకుని బస్సెక్కేశాడు.

ఆ రోషంతో చౌరస్తాలో అందరూ చాచా అని పిలిచే ముసలి మెకానిక్ దగ్గరికి పోయాను. మార్చిన సామాన్ల జాబితా నేను ఏకరువు పెడుతుంటే ఆయన మధ్యలో ఆపాడు.

"పట్టుకునేది ఒక చక్రమా, రెండా సార్?"

"రెండూ చాచా."

"రెండూ ఒక్కసారే పట్టుకుంటే చక్రాల దగ్గరేం పని?"

నోరు మూసుకున్నాను. ఒక పక్కే పట్టుకుంటే ఆ పక్క క్యాలిపరో, ఆ పక్క హోసో. రెండూ కలిసి పట్టుకుంటే, రెండింటికీ ఆయిలు పంపే చోట చూడాలి. ఇంత చిన్న లెక్క నాకు తట్టలేదు.

బండి కాగేదాకా తిప్పుకు రమ్మన్నాడు. వచ్చాక ముందు ఇరుసును జాకీల మీద లేపాడు. చేత్తో తిప్పితే చక్రం కదల్లేదు. ఒక పక్క నిపుల్ కొంచెం వదులు చేస్తే ఆయిలు చిమ్మింది, ఆ చక్రం తిరిగింది. అవతలి చక్రమూ తిరిగింది. బేరింగులు నిర్దోషులు, హోసులూ నిర్దోషులే. మళ్లీ కాగేదాకా తిప్పించి, ఇంజను ఆపించి, ఈసారి నిపుల్ జోలికి పోకుండా మాస్టర్ సిలిండర్‌ను బూస్టర్‌కు బిగించిన నట్లు కాస్త వదులు చేసి సిలిండర్‌ను ముందుకు జరిపాడు. రెండు చక్రాలూ వదిలేశాయి. వెనక నుంచి రాడ్డు పిస్టన్‌ను తోసిపట్టుకుని ఉందన్నమాట. చాచా లోపలికొచ్చి పెడల్‌ను వేలితో నొక్కాడు. ప్లే లేదు. టార్చి వేసి పెడల్ రాడ్డు చూశాడు. అంతా తుప్పు, లాక్‌నట్టు దగ్గర మరలు మాత్రం తళతళా మెరుస్తున్నాయి.

"దీన్నెవరు ముట్టుకున్నరు సార్?"

మెకానిక్కులకు చెప్పని ఆ సంగతి మీకూ ఇప్పటిదాకా చెప్పలేదు. శివరాత్రికి ముందు పెడల్ బాగా కిందికి దిగడం మొదలైంది. వెనక డ్రమ్ముల్లో షూలు అరిగాయి, అడ్జస్ట్ చేస్తే సరిపోతుంది. మా నాయన కాలపు జీపుకు నాలుగూ డ్రమ్ములే. పెడల్ దిగితే ఆయన ముందు అదే చేయించేవాడు, పక్కన నిలబడి చూసినవాణ్ని. కానీ దానికి బండి కింద వెల్లకిలా దూరాలి. నా పొట్ట ఒప్పుకోదు. డ్యాష్‌బోర్డు కింద మోకాళ్ల మీద కూర్చుంటే పెడల్ రాడ్డు చేతికి అందుతుంది. లాక్‌నట్టు వదులు చేసి రాడ్డు పొడుగు పెంచాను. పెడల్ ఎత్తుగా, గట్టిగా, కొత్త బండిలా నిలబడింది. ఆ రోజు నా చేతిని నేనే మెచ్చుకున్నాను.

మాస్టర్ సిలిండర్‌లో సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది. కాలు తీశాక పిస్టన్ పూర్తిగా వెనక్కొస్తేనే అది తెరుచుకుంటుంది. వేడికి పొంగిన ఆయిలు ఆ దారినే పైడబ్బాలోకి పోవాలి. నేను పెంచిన రాడ్డు పిస్టన్‌ను ముందుకు తోసి ఆ దారి మూసింది. పొంగిన ఆయిలు ప్యాడ్లను డిస్కుకు నొక్కింది, ఆ రాపిడికి ఇంకా వేడి, ఇంకా పొంగు. వెనక డ్రమ్ముల్లో షూలను లాక్కునే గట్టి స్ప్రింగులున్నాయి. ముందు క్యాలిపర్లో పిస్టన్‌ను వెనక్కి తెచ్చేది ఒక రబ్బరు సీలు మాత్రమే. అందుకే వాసనంతా ముందు చక్రాల దగ్గర.

ఆ నట్టు తిప్పిన సంగతి నేను మరిచిపోలేదు. లెక్కలోకే తీసుకోలేదు. అది నా దృష్టిలో మరమ్మతు. బండి చెడిందంటే నేను ముట్టనిదేదో చెడి ఉండాలి.

"ఏమో చాచా, కర్నూల్లో ఎవరో ముట్టుకుని ఉంటారు" అన్నాను.

ఆయనేమీ అనలేదు. రాడ్డు వెనక్కి తిప్పి, వేలితో నొక్కి ప్లే చూసుకుని, నట్టు బిగించాడు. నాకంటే పెద్దవాడు, బండి కింద దూరి వెనక షూలు అడ్జస్ట్ చేశాడు. పెడల్ దానంతటదే పైకొచ్చింది. నేను బేరింగులకు పోసిన డబ్బు ముందు ఆయన అడిగింది చిల్లర. పానాలు సంచిలో వేసుకుంటూ అన్నాడు, "కర్నూలోళ్లది మంచి పానా సార్. మీ సీటు కింద ఉందే, అట్లాంటిదే."

ఊళ్లో మాత్రం మాస్టర్ సిలిండర్ పోయిందని చెప్పాను, నమ్మారు. బావమరిదికి ఏమీ చెప్పలేదు. ఆయన ఇప్పటికీ మా ఊరికి బస్సులోనే వస్తాడు.