అంగడి సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: నేడు నగదు రేపు అరువు

అవతారిక. కిరాణా కొట్లలో గల్లాపెట్టెకు పైన, లక్ష్మీదేవి పటానికి కింద, అగరుబత్తి పొగకు మసిబారిన రేకుముక్క మీద ఈ సూత్రం కనిపిస్తుంది. కర్త ఎవరో తెలియదు. తెలిసి ఉంటే అతన్ని కూడా ఎవరో ఒకరు అరువు అడిగి ఉండేవారు. దీనికి అధికారి, అనగా చదవడానికి అర్హుడు, ఒకటో తారీఖున జీతం అందుకుని ఇరవయ్యో తారీఖుకి అడుగంటిన గృహస్థు. జేబు నిండుగా ఉన్నవాడు రేకు వైపు తలెత్తడు కనుక అతనికి ఇందులో అధికారం లేదు.

ప్రతిపదార్థం. నేడు = కొట్టు తెరిచి ఉన్న ప్రతి దినమున; నగదు = అక్కడికక్కడ చేయి మారే సొమ్ము (ఇమ్ము); రేపు = ఈ రేకు కంటబడని దినమున; అరువు = సరుకు ముందు, సొమ్ము వెనుక అయిన బేరము (ఇచ్చెదము). మూలంలో క్రియ లేదు. ‘ఇమ్ము’, ‘ఇచ్చెదము’ అన్నవి అధ్యాహారం చేసుకున్నవి. ‘ఇచ్చెదము’ అని వర్తకుడు ఎక్కడా రాయలేదు. అది చదివేవాడు తన ఆశకొద్దీ చేర్చుకున్న మాట.

ఛందస్సు. నేడు, రేపు హగణాలు. నగదు, అరువు నగణాలు. నాలుగూ సూర్యగణాలే. ఆటవెలది రెండో పాదానికి అయిదు కావాలి, ఇక్కడ ఒకటి తక్కువ. చివర ‘అప్పు’ అని చేరిస్తే అదీ హగణమే కనుక గణాలు నిండేవి. వర్తకుడు పాదాన్ని కుంటిదిగానే వదిలాడు గాని అప్పు చేర్చలేదు. యతి ఎలాగూ చెల్లదు. వ్యాకరణం సంగతికి వస్తే, ఉత్వసంధి నిత్యం కనుక ‘రేపరువు’ కావాలి. కాలేదు. విసంధి దోషమని పండితులు ఆక్షేపిస్తారు. ఆక్షేపించనీ. రేపుకీ అరువుకీ మధ్య ఆ ఎడం పూడితే కొట్టు మూతపడుతుంది.

‘నగదు’. అరబ్బీ ‘నఖ్ద్’ ఉర్దూ మీదుగా వచ్చి తెలుగులో స్థిరపడింది. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు రద్దయినప్పుడు కొన్ని వారాలపాటు ఈ పదానికి అర్థం లేకుండా పోయింది. పోపులపెట్టెలో, బియ్యం డబ్బా అడుగున ఇల్లాలు దాచుకున్న సొమ్ము ఇంటిల్లిపాదికీ తెలిసిపోయింది. ఆ ఏడాదే యూపీఐ వచ్చింది. ఫోనుతో కొట్టేది నగదేనా అన్నది శంక. కంటికి కనబడదు, చేతికి తగలదు కనుక కాదని పూర్వపక్షం. ఖాతాలో ఉన్నదే పోతుంది, లేనిది పోదు కనుక నగదేనని సిద్ధాంతం. 2022లో సిద్ధాంతానికి చిక్కొచ్చింది. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి తగిలించుకోవడానికి రిజర్వు బ్యాంకు ఒప్పుకుంది. కార్డు తీసుకునే కొట్లో ఒక్క స్కానుతో వర్తకుడికి నగదు, కొన్నవాడికి అరువు. డబ్బు ముట్టిందని గల్లా దగ్గర స్పీకరు అరుస్తుంది. ఎవరి డబ్బో అరవదు. అలంకారికులు దీన్ని శ్లేష అంటారు.

‘అరువు’. పరాయి సొమ్ముకు తెలుగులో పేర్లు చాలా ఉన్నాయి, ఒక్కో పేరుకి ఒక్కో మర్యాద ఉంది. పక్కింటివారి దగ్గర కాగితం లేకుండా, వడ్డీ లేకుండా తెచ్చుకుని నాలుగు రోజుల్లో ఇచ్చేసేది చేబదులు. సరుకు మీద అయితే అరువు, తెలంగాణలో ఉద్దెర. వడ్డీ తగిలితే అప్పు. తీరగా మిగిలింది బాకీ. ఇన్ని తేడాలనూ చెరిపి ‘ఈఎంఐ’ అని ఒక్క పేరు పెట్టడం ఈ కాలపు వ్యాపారం సాధించిన ఘనత. ఫ్రిజ్జూ ఈఎంఐయే, తిరుపతి ప్రయాణమూ ఈఎంఐయే.

వడ్డీ లెక్కలోనూ ఇలాంటి మాయే ఉంది. ఊళ్లో ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నూటికి నెలకు 2, ఏడాదికి 24. బ్యాంకువారు ఇంటి రుణానికి ఏడాది లెక్క చెబుతారు. క్రెడిట్ కార్డు దగ్గర మళ్లీ నెల లెక్కే ముందుకొస్తుంది: చాలా కార్డుల మీద నెలకు సుమారు మూడున్నర శాతం. అంటే మూడున్నర రూపాయల వడ్డీ, ఏడాదికి 42. ఊళ్లో ఇంత అడిగినవాణ్ణి రచ్చబండ దగ్గర పేరుపెట్టి తిడతారు. అదే సంగతి సన్న అక్షరాల్లో అచ్చయితే చదవకుండా సంతకం పెడతారు.

బిల్లులో ‘కనీస చెల్లింపు’ అనే పదబంధానికి వేరే టీక అవసరం. 20,000 బాకీకి అయిదు శాతం, అనగా 1,000 కడితే చాలునని దాని వాచ్యార్థం. ఒక నెల వడ్డీ సుమారు 700. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 126. కట్టిన వెయ్యిలో అసలుకు చేరేది 174. ఆలస్య రుసుము తప్పుతుంది, అంతవరకు నిజమే. ‘కనీసం’ అన్న విశేషణం బ్యాంకు చూపే దయకు వర్తిస్తుందని వ్యంగ్యార్థం.

‘రేపు’. సూత్రం బరువంతా ఈ పదం మీదే ఉంది. అరువు అంటే రేపటి సంపాదనను నేడే తినడం. కుదురుగా ఉన్న రోజుల్లో రేపు అంటే జీతం. కుదురు తప్పిన రోజుల్లో రేపు అనేది నిఘంటువులో మాత్రమే ఉంటుంది. కరోనా వేళ 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు ప్రకటించిన మారటోరియం ఈ పదానికి వచ్చిన అతి పెద్ద వ్యాఖ్యానం: మార్చి నుంచి మే దాకా, తర్వాత ఆగస్టు 31 దాకా, వాయిదాలు రేపు కట్టవచ్చు. చాలా ఇళ్లలో దాన్ని మాఫీ అని చదువుకున్నారు. అది పాఠదోషం. కట్టని నెలలకూ వడ్డీ నడిచింది. వడ్డీ మీద వడ్డీ మాట సుప్రీంకోర్టు దాకా పోయి, 2021 మార్చిలో ఆ చక్రవడ్డీ ఎవరిమీదా వేయరాదని తేలింది. బారువడ్డీ మాత్రం ఉన్నచోటే ఉంది.

ఆ రోజుల్లోనే బడులు మూతపడి ప్రైవేటు టీచర్ల జీతాలు ఆగిపోయాయి. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఒక కుటుంబపు ‘రేపు’ ఎంతకు దిగిందో ఆ రెండు అంకెలే చెబుతాయి. ఆరు నెలల ఇంటిఖర్చు విడిగా ఉంచాలని ఇప్పటి సలహాదారులు చెప్పేదీ ఇందుకే. మెట్టరైతు ఇంట్లో ఇది కొత్త మాట కాదు. విత్తనపు కాయలు వేరే గోనెలో మూతికట్టి అటకెక్కిస్తారు. పిల్లలు వేయించుకు తింటామన్నా విప్పరు. పట్నంలో ఆ అటక స్థానంలో బ్యాంకు ఖాతా ఉంది. 2020 ఫిబ్రవరి 4 నుంచి ఒక బ్యాంకులో ఒక్కొక్కరికి, అసలూ వడ్డీ కలిపి, 5 లక్షల దాకా డిపాజిట్ బీమా వర్తిస్తుంది. అంతకుముందు అది లక్షే. బీమా బ్యాంకు మునిగితే కాపాడుతుంది గాని, గోనె మూతి విప్పే చేతిని ఆపదు.

పాఠాంతరాలు. హైదరాబాదు ప్రతుల్లో ‘ఆజ్ నఖద్ కల్ ఉధార్’ అని ఉంది, అర్థభేదం లేదు. ‘దయచేసి అరువు అడగవద్దు’ అన్నది ప్రక్షిప్తం. ధ్వనిగా ఉన్నదాన్ని వాచ్యం చేయడం వల్ల రసభంగం. పైగా అలా రాసిన కొట్లలోనే, గల్లాపెట్టె పక్కన దారంతో పెన్ను కట్టిన పొడుగాటి ఖాతా పుస్తకం ఉంటుంది. ఎవరి పేర ఎన్ని కిలోల కందిపప్పు రాసి ఉందో తిరగేస్తే, సూత్రానికి అపవాదాలు ఎవరెవరో తెలుస్తుంది.

ఇటీవలి ప్రతుల్లో ఒక లోపం ఉంది. క్యూఆర్ కోడు స్టిక్కరును రేకు మీదే, సరిగ్గా మధ్యకు కుడివైపున అంటిస్తున్నారు. దాని కింద ‘రేపు’ పడిపోయి, ‘నేడు నగదు అరువు’ అని మిగులుతోంది.