బండి ఒంటికి చేటు తెచ్చే చిట్కాలు

హోసూరు నుంచి కృష్ణగిరి దాకా 44వ నంబరు జాతీయ రహదారి పక్కన వాటర్ సర్వీసు షెడ్లకు కొదవ లేదు. యాత్రలు తిరిగొచ్చిన టెంపో ట్రావెలర్లు, టూరిస్టు వ్యాన్లు, అప్పుడప్పుడూ బెంగళూరు వైపు నుంచి వచ్చే క్యారవాన్లు ఇలాంటి షెడ్లలోనే దుమ్ము వదిలించుకుంటాయి. షెడ్డుకో సలహా, డ్రైవరుకో చిట్కా. వాటిలో చాలావరకు ఆ పూట మెరుపు కోసం పుట్టినవే, బండి పదేళ్లు నిలవాలని పుట్టినవి కావు. తరచూ వినపడే ఆరు సలహాలు, వాటివల్ల జరిగే నష్టం, వాటి బదులు చేయాల్సిన పని ఇక్కడ చెబుతున్నాను.

1. "పొడిగుడ్డతో దులిపితే చాలు"

కృష్ణగిరి జిల్లాలో ఇంతకు మించిన చెడ్డ సలహా లేదు. ఇది గ్రానైట్ క్వారీల సీమ. టిప్పర్ వెనకాల వెళ్లిన బండి మీద మట్టితోపాటు రాతిపొడి కూడా పడుతుంది. గ్రానైట్‌లో ఉండే పలుగురాయి గాజునే గీరగలదు, ఇక పెయింటు ఎంత? పెయింటును కాపాడే క్లియర్ కోటు వెంట్రుకంత మందం కూడా ఉండదు. పొడిగుడ్డ తిప్పిన బండిని ఎండలో ఏటవాలుగా చూడండి, సాలెగూడులా సన్నటి గీతలు కనిపిస్తాయి. ముందు టాపు మీంచి కిందికి ధారాళంగా నీళ్లు వదలాలి. దుమ్ము జారిపోయాకే మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ పట్టాలి. సబ్బునీళ్లకు ఒక బకెట్టు, గుడ్డ జాడించడానికి ఇంకొకటి పెట్టుకోవాలి. చక్రాలు తుడిచిన గుడ్డ బాడీకి తగలకూడదు.

2. "డీజిల్ పూస్తే కొత్త బండే"

కడగడం అయ్యాక షెడ్డు కుర్రాడు "అన్నా, డీజిల్ కొట్టేదా?" అని అడుగుతాడు. వద్దనండి. ఆ మెరుపు నూనె తడిదే తప్ప పెయింటుది కాదు. షెడ్డు దాటగానే దారిలోని దుమ్మంతా ఆ జిడ్డుకు అంటుకుంటుంది. అంతకంటే పెద్ద నష్టం రబ్బరుకు. డీజిల్ తగిలిన కిటికీ బీడింగులు ఉబ్బి, మెత్తబడి, పట్టు వదిలేస్తాయి. ఆ సందులోంచి వాననీరు లోపలికి దిగుతుంది. మెరుపు కావాలంటే కడిగి ఆరిన బండికి నీడలో వ్యాక్స్ పట్టించండి.

3. "బట్టల సబ్బుపొడి వేస్తే నురగ బాగా వస్తుంది"

నురగకూ శుభ్రానికీ సంబంధం లేదు. బట్టల పొడిలో క్షారం ఎక్కువ. అది మురికితోపాటు వ్యాక్స్‌నూ లాగేస్తుంది, రంగు వెలిసిపోతుంది. బండి కోసం చేసిన షాంపూ కొద్దిగా చాలు. నురగ చివరికి ఎక్కడికి చేరుతుందో తెలియాలంటే హోసూరు దగ్గర కెలవరపల్లి డ్యాంకు వెళ్లండి. బెంగళూరు మురుగు, అందులోని డిటర్జెంట్లు దక్షిణ పినాకిని నదిలో కలిసి రావడంతో, గేట్లు ఎత్తినప్పుడు తెల్లటి నురగ గుట్టలు లేస్తాయి. ఆ నీళ్లే పొలాలకు పారాలి. అందుకే బండిని చెరువులోకో ఏట్లోకో దించి కడగడం మానండి. చాసిస్ కింది ఆయిలూ గ్రీజూ కూడా ఆ నీళ్లలోనే కలుస్తాయి.

4. "మిట్టమధ్యాహ్నం కడిగితే తొందరగా ఆరుతుంది"

ఆరేది నీళ్లే, ఉప్పు కాదు. ఇక్కడ చాలాచోట్ల బోరునీళ్లు ఉప్పునీళ్లు. కాలిన రేకు మీద చుక్క ఇంకిపోతే సున్నం తెల్లటి మచ్చగా మిగిలిపోతుంది. ఆ మచ్చ కోసం బాత్రూం యాసిడ్ వాడమని ఇంకో సలహా వస్తుంది. అది అల్యూమినియం పట్టీలను తినేస్తుంది. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ కడిగి, నీళ్లు ఆరకముందే గుడ్డతో తుడిచేయండి. మచ్చలు పడితే తెల్ల వెనిగర్‌లో సగం నీళ్లు కలిపి తుడిచి, వెంటనే కడిగేయండి.

5. "ప్రెజరు దగ్గర పెట్టి కొడితేనే మురికి వదులుతుంది"

వ్యాన్లకు, ముఖ్యంగా క్యారవాన్లకు, ఎక్కువ ముప్పు ఈ సలహాతోనే. టాపు మీద ఏసీ, వెంటిలేటర్, క్యారియర్ బిగించిన ప్రతిచోటా రేకుకు రంధ్రం ఉంటుంది. దాన్ని కాపాడేది సాధారణంగా సిలికాన్ పూతే. నాజిల్ దగ్గరగా పెడితే ఆ పూత అంచు లేస్తుంది. నీళ్లు లోపలి ప్లైవుడ్‌లోకి చేరతాయి. బయటికి ఏమీ కనిపించదు. కొన్నాళ్లకు లోపల ముక్క వాసన వస్తుంది, సీలింగు ఉబ్బుతుంది. ఆ తర్వాత టింకరింగుకూ కార్పెంటరుకూ పెట్టే ఖర్చుతో పోలిస్తే కడిగించడానికి అయ్యే ఖర్చు దిగదుడుపే. నాజిల్ కనీసం రెండడుగుల దూరంలో ఉండాలి. బీడింగులు, స్టిక్కర్లు, టాపు అతుకుల మీద ప్రెజరు వద్దే వద్దు. దాన్ని చాసిస్ కింద, మడ్‌గార్డుల లోపల పేరుకున్న బురదకు వాడండి. తుప్పు మొదలయ్యేది అక్కడే.

6. "మామిడితోపు నీడలో పెట్టు, ఎండ తగలదు"

కృష్ణగిరిలో మామిడి నీడకు కరువు లేదు. కానీ పూత కాలంలో ఆ నీడ బండికి మంచిది కాదు. తేనెమంచు పురుగు విసర్జించే జిగట చుక్కలు టాపంతా పడతాయి. వాటి మీద దుమ్ము పేరుకుంటుంది, మసిమంగు నల్లగా అల్లుకుంటుంది. గోకి తీస్తే పెయింటు కూడా లేస్తుంది. గోరువెచ్చని నీళ్లలో తడిపిన గుడ్డ కాసేపు పరిచి, నానాక తుడవాలి. పక్షి రెట్టకూ అదే పద్ధతి, అదీ ఆ రోజే.

ఏటా అక్టోబరు వానలకు ముందు నిచ్చెన వేసుకుని టాపు అతుకులన్నీ వేలితో తడిమి చూడండి. సిలికాన్ పగిలినా లేచినా పాతది పూర్తిగా తీసి, ఆరబెట్టి, కొత్తది వేయించండి. పాతదాని మీదే పూస్తే నిలవదు. ఇక షెడ్డుకు వెళ్లినప్పుడు బండి అప్పగించేసి టీ కొట్టుకు వెళ్లిపోకండి. కుర్రాళ్లకు ఎవరూ నేర్పలేదు, అడిగినవాళ్లకు అడిగినట్టే చేస్తారు. డీజిల్ వద్దని, సబ్బుపొడి వద్దని, నాజిల్ దూరంగా పట్టమని పని మొదలవకముందే చెప్పండి.